గ్రౌండు దగ్గరికి వెళ్తే మనవాళ్లు దొరుకుతారు

(ఆదివాసీ దినోత్సవ యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)

 

నేను బాలికల హాస్టల్ వార్డెన్‌ని. బీఈడీ చదివాను కాబట్టి సాయంత్రం స్టడీ అవర్లో పాఠాలు కూడా చెప్తాను. మైకు చేతికిస్తే మేడం పాఠం మొదలుపెడుతుందని మా పిల్లలు నవ్వుతుంటారు. ఈరోజు చెప్పేదీ పాఠమే. కాకపోతే మా అన్న దగ్గర మొదలుపెడతాను.

మా అన్న వాలీబాల్ ఆటగాడు. సంక్రాంతి టోర్నమెంటులో ఆయన స్మాష్ కొడితే పక్క గూడెం వాళ్లు కూడా ఈల వేసేవాళ్లు. అలాంటి మనిషికి నలభై ఎనిమిదో ఏట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎప్పుడైనా బీపీ చూపించుకున్నాడా?" అని. ఎప్పుడూ లేదు. ఏఎన్‌ఎం అక్క ఇంటికి వచ్చిందంటే అన్న పొలానికో అడవికో వెళ్లిపోయేవాడు. "నాకేం జబ్బుందని?" అనేవాడు. కానీ సాయంత్రం ఐదయితే నెట్టు దగ్గర ఉండేవాడు. ఒక్కరోజు తప్పేవాడు కాదు. మనిషి ఎక్కడ దొరుకుతాడో ఊరందరికీ తెలుసు. బీపీ మిషన్ మాత్రం అక్కడికి వెళ్లలేదు.

ఈ బాధ మనసులో ఉండగా, మా హాస్టల్లో చదివి ఇప్పుడు ప్రజారోగ్యం కోర్సు చేస్తున్న ఒక అమ్మాయి నాకు స్కాట్లాండ్ సంగతి చెప్పింది. "మేడం, అక్కడి మగవాళ్లు కూడా మన మామయ్యల్లాగే డాక్టరు దగ్గరికి వెళ్లరంట" అంది. విన్నాక వదలబుద్ధి కాలేదు. చదివి తెలుసుకున్నాను.

స్కాట్లాండ్‌లో గ్లాస్గో అనే పెద్ద నగరం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయం 1451లో పుట్టింది. ఆ నగరంలో ఫుట్‌బాల్ అంటే ప్రాణం. సెల్టిక్ క్లబ్బు 1887లో మొదలైంది, అది కూడా పేదల ఆకలి తీర్చడానికి డబ్బు పోగుచెయ్యాలని. తాతలు, తండ్రులు ఏ జట్టు వైపు ఉంటే పిల్లలూ ఆ జట్టు వైపే. అయితే గ్యాలరీలో కూర్చుని అరిచే మగవాళ్లలో చాలామందికి బరువు ఎక్కువ. బరువు తగ్గించే కార్యక్రమాలు ఉన్నా, వాటికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. మగవాళ్లకు మొహమాటం.

అప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బులు కలిశారు. పెట్టిన పేరు "ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ఇన్ ట్రైనింగ్". వయసు 35 నుంచి 65 ఏళ్ల లోపు, బరువు ఎక్కువగా ఉన్న అభిమానులను పిలిచారు. ఎక్కడికి? ఆసుపత్రికి కాదు, వాళ్ల సొంత జట్టు స్టేడియానికి. వారానికి ఒకరోజు, గంటన్నర, 12 వారాలు. డబ్బు కట్టక్కర్లేదు. నేర్పించేది క్లబ్బు కోచ్‌లు. తిండి గురించి కాసేపు మాట, తర్వాత కసరత్తు. రోజుకు ఎన్ని అడుగులు నడిచారో లెక్కపెట్టే చిన్న పరికరం ఇచ్చారు. ఏం నేర్పాలో రాసింది విశ్వవిద్యాలయం, కోచ్‌లకు శిక్షణ ఇచ్చింది విశ్వవిద్యాలయం.

తమ్ముళ్లూ, ఇక్కడిదాకా అయితే ఇది మంచి కార్యక్రమం, అంతే. అసలు పాఠం ఇప్పుడుంది. వాళ్లు "బాగా జరిగింది" అని ఫొటో దిగి వెళ్లిపోలేదు. 13 క్లబ్బుల్లో ఏడు వందల మందికి పైగా మగవాళ్లను తీసుకుని, చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు శిక్షణ వెంటనే. రెండో జట్టుకు ఏడాది తర్వాత. ఏడాది తిరిగాక అందరినీ మళ్లీ తూచారు. శిక్షణ పొందినవాళ్లు సగటున ఐదున్నర కిలోలు తగ్గారు. ఆగినవాళ్లు అర కిలోకు కాస్త పైన. ఈ ఫలితం 2014లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. మూడున్నరేళ్ల తర్వాత కూడా వెళ్లి చూశారు. కొంత బరువు తిరిగి వచ్చింది. అయినా మొదటికంటే సగటున దాదాపు మూడు కిలోలు తక్కువే ఉన్నారు. తిరిగి వచ్చిన బరువును కూడా దాచకుండా చెప్పారు చూడండి, అది నాకు నచ్చింది. తర్వాత ఇంగ్లండ్, నెదర్లాండ్స్, నార్వే, పోర్చుగల్ క్లబ్బులు కూడా ఈ దారి పట్టాయి.

క్లబ్బు మనుషుల్ని రప్పించింది. విశ్వవిద్యాలయం లెక్క చూపించింది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా పని సగమే.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. పోయిన సంక్రాంతి టోర్నమెంటులో ఏఎన్‌ఎం అక్కను బతిమాలి, వాలీబాల్ కోర్టు పక్కన బల్ల వేసి బీపీ మిషన్ పెట్టించాను. ముందు ఒక కెప్టెన్ చెయ్యి చాపాడు. అతణ్ణి చూసి మిగతావాళ్లు వరస కట్టారు. ఇంటికి వెళ్తే దొరకనివాళ్లే! బీపీ ఎక్కువున్న నలుగురిని పీహెచ్‌సీకి వెళ్లమని అక్క చీటీ రాసిచ్చింది. నేను సంతోషంగా ఇంటికొచ్చాను. రెండు నెలల తర్వాత అక్క ఫోన్ చేసి, "ఆ నలుగురూ మాత్రలు వేసుకుంటున్నారా, మేడం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పేర్లు రాసిపెట్టుకోలేదు. పిల్లలకు మార్కుల రిజిస్టరు రాసే నేను, మనిషి ప్రాణానికి రిజిస్టరు పెట్టలేదు. ఆ తప్పు నాదే.

స్కాట్లాండ్ వాళ్ల కార్యక్రమాన్ని మనం ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. వాళ్ల బాధ ఎక్కువ బరువు. మన గూడేల్లో రక్తహీనత ఉంది, సికిల్ సెల్ ఉంది, జ్వరాలున్నాయి, సారా ఉంది, ఎవరూ చూడని బీపీ ఉంది. తెచ్చుకోవాల్సింది వాళ్ల పద్ధతి. మనిషి ఇష్టంగా వచ్చే చోటికి వెళ్లడం, వెళ్లాక లెక్క రాయడం, ఏడాది తర్వాత మళ్లీ రావడం.

ఇప్పుడు ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. విజయనగరం జిల్లాలోనూ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్ ఆడుతున్నారు. రేపు ఏ విశ్వవిద్యాలయమైనా, ఏ క్లబ్బయినా మీ గూడేనికి వస్తే మర్యాదగా కూర్చోబెట్టండి. టీ ఇవ్వండి. తర్వాత నాలుగు ప్రశ్నలు అడగండి. మాకేం కావాలో ముందు మమ్మల్ని అడిగారా? ఆడపిల్లలకు కూడా చోటుందా? ఫలితం మంచిదైనా చెడ్డదైనా మాకు చెప్తారా? ఏడాది తర్వాత మళ్లీ వస్తారా? టీ షర్టులు ఆ తర్వాత తీసుకోవచ్చు.

వాళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ సంక్రాంతికి కోర్టు పక్కన బల్ల మళ్లీ వేస్తాను. ఇంటర్, డిగ్రీ చదివే మీలో ఇద్దరు రిజిస్టరు పట్టుకుని నా పక్కన కూర్చోండి. ఒప్పుకున్నవాళ్ల పేరు, బీపీ, తేదీ రాయండి. ఆ వివరాలు ఏఎన్‌ఎం అక్కకు తప్ప ఎవరికీ చెప్పొద్దు. నెలకోసారి వాళ్ల ఇంటికి వెళ్లి మాత్రలు అడగండి. పై ఏడాది ఇదే సభలో ఆ లెక్క మీరే చదవాలి.

మా అన్న ఇప్పటికీ సాయంత్రం ఐదింటికి నెట్టు దగ్గరికి వస్తాడు. కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో పాయింట్లు చూపిస్తాడు. ఈసారి ఆ బల్ల ఆయన కుర్చీ పక్కనే వేస్తాను. చెయ్యి చాపడానికి ఎవరైనా వెనకాడితే, ఆయనే పిలుస్తానన్నాడు.

జై ఆదివాసీ.