తాపీ ఎవరి చేతికి?

(షోలాపూర్ కొంతం చౌక్‌లో యువతీ యువకులతో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతలు తెలంగాణ పల్లెల నుంచి ఈ ఊరికి చేతిలో నేత పని పట్టుకుని వచ్చారు. భాష కొత్తది, ఊరు కొత్తది, పని మాత్రం తెలిసినది. అందుకే ఇక్కడ నిలబడ్డారు. ఈనాడు మగ్గం మీద ఇల్లు గడవని కుటుంబాలు ఈ పేటల్లో చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు కట్టడం పనికి పోతున్నారు. పోవడంలో తప్పు లేదు. అయితే ఏ పని తెలియకుండా పోతున్నారు, అదే బాధ. తాపీ పట్టినవాడికీ మాలు తట్ట మోసేవాడికీ కూలిలో తేడా మీకు తెలుసు. ఆ తేడాను దాటించేది నేర్పు. కాబట్టి ఈ రోజు బయటి గోడకు సిమెంటు పూత ఎలా వేస్తారో, ఇక్కడి గవండీలు గిలావా అనే ఆ పని ఎలా చేస్తారో, మొదటి పాఠం చెప్పుకుందాం.

బయటి గోడ పని లోపలి గోడ పని కన్నా కష్టం. ఎండ, వాన, గాలి అన్నీ దాని మీదే. పూతలో పగులు వస్తే నీరు ఇటుకలోకి దిగి లోపలి గోడ చెమ్మగిల్లుతుంది. ఆ గదిలో పడుకునే పిల్లలకు దగ్గు పట్టుకుంటుంది. అందుకని ఇది అందం కోసం చేసే పని మాత్రమే కాదు.

ముందు గోడను సిద్ధం చేయాలి. ఇటుకల మధ్య సందులను సుమారు 10 మిల్లీమీటర్ల లోతు గీకి, దుమ్ము దులపాలి. నున్నని కాంక్రీటు స్తంభం మీద సుత్తితో గాట్లు పెట్టాలి. ఇటుక, కాంక్రీటు కలిసే చోట తీగ జాలీ కొట్టాలి, లేకపోతే సరిగ్గా అక్కడే చీలిక వస్తుంది. తరువాత గోడను బాగా తడపాలి, కానీ నీరు కారుతూ ఉండగా పూత వేయకూడదు. పొడి గోడ మాలులోని నీటిని పీల్చేస్తుంది. గంజి పట్టని పడుగు మగ్గం మీద తెగుతుందని మీ ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. తడపని గోడ మీద పూత కూడా అలాగే ఊడుతుంది.

రెండోది ఇసుక. ఒక గాజు సీసాలో సగం ఇసుక, పైన ఉప్పునీళ్లు పోసి బాగా ఊపి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద మట్టి పొర పేరుకుంటుంది. అది నూటికి 8 పాళ్లు మించితే ఆ ఇసుకను కడగాలి, లేదా మార్చాలి. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక. రెండూ ఒకే రంగు వచ్చేదాకా పొడిగా కలిపి, తరువాత నీళ్లు పోయాలి. అరగంటలో వాడగలిగినంతే కలపండి. గట్టిపడిన మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడితే బలం ఉండదు.

మూడోది మట్టం. ఓళంబా, అంటే తూకం గుండు, వేలాడదీసి గోడ మీద అక్కడక్కడ మాలు బిళ్లలు పెట్టి మందం గుర్తు చేసుకోవాలి. పూత రెండు సార్లు. మొదటిది 12 నుంచి 15 మిల్లీమీటర్లు. మాలును మణికట్టు విసురుతో గోడకు కొట్టాలి, మెల్లగా అద్దితే లోపల గాలి మిగులుతుంది. బద్దతో లాగి, ఆరకముందే గీతలు గీయాలి. రెండు మూడు రోజులు తడిపాక 6 నుంచి 8 మిల్లీమీటర్ల రెండో పూత. పై నుంచి కిందికి రావాలి. నున్నగా రావాలని పైన పొడి సిమెంటు చల్లకండి, వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. సజ్జ కింద చిన్న గాడి తీయడం మరవకండి, వాన నీరు గోడ వైపు రాకుండా అక్కడే రాలిపోతుంది.

నాలుగోది తడి. షోలాపూర్ ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ పట్టుకోండి, నీడలో పని జరుగుతుంది. కనీసం 7 రోజులు తడపాలి. ఎండ ఎక్కువైతే తడి గోనెలు వేలాడదీయండి.

యెహెజ్కేలు గ్రంథం 13వ అధ్యాయంలో ఒక గోడ ఉంది. బలం లేని గోడకు పైన పూత పూసి అంతా క్షేమమే అని జనాన్ని నమ్మించిన వాళ్లను ప్రవక్త అక్కడ నిలదీశాడు. వాన పడుతుంది, గోడ కూలుతుంది అని హెచ్చరించాడు. మేస్త్రి పనిలో నిజాయితీ అంతా పూత కింద కనపడని చోటే ఉంటుంది. సిమెంటు తగ్గించమనే కాంట్రాక్టరుకు కుదరదని చెప్పాలంటే ముందు మీకు పని తెలియాలి.

ఇక ఈ రోజు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. ఏ కట్టడం దగ్గరికైనా వెళ్లి చూడండి. మాలు మోసేది ఆడవాళ్లు, గోడ తడిపేది ఆడవాళ్లు. తాపీ మాత్రం వాళ్ల చేతికి రాదు. నిన్న చేరిన కుర్రాడు కొన్నేళ్లలో మేస్త్రీ అవుతాడు. అతనికి మాలు అందించిన అక్క మాత్రం జీవితమంతా హెల్పరే. ఆమెకు చేతకాక కాదు, ఎవరూ నేర్పక. జార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణం కోసం పల్లె స్త్రీలకు ఈ పని నేర్పితే వాళ్లను రాణీ మిస్త్రీలు అని పిలిచారు. మన ఊళ్లో స్త్రీలు బీడీ ఆకును కొలత తప్పకుండా కత్తిరిస్తారు. కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల కోసం కట్టిన 10,000 ఇళ్లను 2006లో అప్పగించారు. ఆ ఇళ్ల యజమానురాళ్లు తమ గోడ మరమ్మతు తామే చేసుకోగలిగితే ఎంత బాగుంటుంది! సంఘంగా మనం శిక్షణ పెడితే, చెల్లెళ్ల పేర్లు ముందు రాయాలి.

చివరిగా మూడు జాగ్రత్తలు. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది, చేతి తొడుగులు వేసుకోండి. కంట్లో పడితే వెంటనే చాలాసేపు నీళ్లతో కడిగి వైద్యుడి దగ్గరికి వెళ్లండి. పరంజా గట్టిగా లేకపోతే ఎక్కకండి, ఎక్కనని చెప్పడం పిరికితనం కాదు. మూడోది, భవన నిర్మాణ కార్మికులుగా పేరు నమోదు చేయించుకోండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడచిన 12 నెలల్లో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు అర్హులు. తట్ట మోసే అక్క కూడా అర్హురాలే. కట్టడాల మీద వసూలయ్యే సెస్సుతో ఆ సంక్షేమ నిధి నడుస్తుంది. అది మీ హక్కు, ఎవరి దయా కాదు.

అపొస్తలుడైన పౌలు కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. పక్కన అకులతో పాటు ప్రిస్కిల్ల కూడా ఉంది. ఆ ఇంట్లో పని ముగ్గురిదీ. మన కట్టడాల దగ్గర కూడా అలా జరగాలి. వచ్చేటప్పుడు ఒక తాపీ, ఒక బద్ద, ఒక తూకం గుండు తెచ్చుకోండి. అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను వెంటబెట్టుకుని రండి.