ఒక్క సంగతి, ఒక్క చోటు



నేడు నేను ప్రసంగింపబోవు విషయము పేరు వినగానే మీకు కొంత విసుగు కలుగవచ్చును. దానిని రిలేషనల్ డేటాబేసు అందురు. విశ్వవిద్యాలయములలో కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులకు నేను చాల కాలముగా బోధించుచున్న పాఠ్యాంశ మిది. పేరు కొత్తదే కాని, అందలి చిక్కు మీకు మిక్కిలి పాతది. అది లెక్కల చిక్కు.

మా నాయనగారు కరణము. 1984లో ఆ యుద్యోగములు రద్దగువరకు ఊరి లెక్కలన్నియు వారి చేతిమీదుగానే నడచినవి. ఒక యేడు మా యూర నొక రైతు మరణించెను. నాయనగారు భూమి లెక్కలో అతని భార్య పేరు వ్రాసిరి. అప్పులకు సంబంధించిన మరియొక పుస్తకములో మాత్రము మార్చుట మరచిరి. తొలకరికి ఆమె విత్తనముల అప్పునకై పోగా, పుస్తకములో నీ పేరు లేదనిరి. దిద్దుబాటగునప్పటికి అదను దాటిపోయెను; ఆ యేడు ఆమె చేను బీడు పడెను. నాయనగారు తప్పు తమదేయని కడవరకు బాధపడుచుండిరి. వారు చేసినది పొరపాటే. కాని ఒకే సంగతిని రెండు పుస్తకములలో వ్రాయవలసి వచ్చిన పద్ధతియే ఆ పొరపాటునకు దారి తీసినదని నాకు పెద్దవాడనైన పిమ్మట తెలిసినది. ప్రతి సంవత్సరమును మొదటి పాఠమున నా విద్యార్థులకు ఈ కథనే చెప్పుచుందును.

ఆంగ్లదేశమున 1923లో జన్మించి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేసిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో నొక వ్యాసము ప్రకటించెను. అంతకుముందు యంత్రములోని సమాచారము కావలసినవాడు, అది ఏ మూల నున్నదో, ఏ దారిని పోవలెనో తానే ఎరిగి యుండవలెను. దారి మారినచో పని చెడును. కాడ్ మహాశయుడు, సమాచారమంతయు సాదా పట్టికలుగా నుండవలెననియు, పట్టికకును పట్టికకును గల సంబంధము వానిలో వ్రాసిన విలువల వలననే తెలియవలెననియు ప్రతిపాదించెను. ఈ కృషికి 1981లో ఆయనకు ట్యూరింగ్ బహుమానము లభించినది.

దీనిని మన లెక్కలలోనే చూతము. ఒక ఊర వెంకటేశ్వర్లు అను పేరుగలవారు నలుగురుందురు. కావున పేరును నమ్మరాదు. ఒక్కొక్కరికి వేరొకరికి లేని సంఖ్య నీయవలెను. దీనిని ప్రైమరీ కీ యందురు. రైతుల పేళ్లు ఒక పట్టికలో నుండును. భూముల పట్టికలో సర్వే నంబరును, దానికెదురుగా రైతు సంఖ్యయు నుండును. అప్పుల పట్టికలో సర్వే నంబరు మాత్రమే యుండును. భూమి యజమాని యెవరని అప్పులవారడిగినచో, యంత్రము ఆ నంబరును పట్టుకొని భూముల పట్టికకును, అచటినుండి రైతుల పట్టికకును పోయి పేరు తెచ్చును. యాజమాన్యము మారినపుడు ఒక్కచోట దిద్దిన చాలును. లేని సర్వే నంబరుపై అప్పు వ్రాయబోయినచో, ముందుగా ఏర్పరచిన కట్టుబాటును బట్టి యంత్రము నిరాకరించును. ఒక సంగతిని ఒక్కచోటనే యుంచునట్లు పట్టికలను విభజించుటయే మా పాఠములో ముఖ్యభాగము.

యంత్రము నడుగుటకు ఎస్.క్యు.ఎల్. అను భాష కలదు. చాంబర్లిన్, బోయిస్ అను నిరువురు దీని తొలిరూపమును 1974లో ప్రకటించిరి. ఈ భాషలో ఏమి కావలెనో చెప్పిన చాలును. ఎట్లు వెదకవలెనో యంత్రమే నిర్ణయించుకొనును.

మరియొక ధర్మము కలదు. ఒకరి ఖాతానుండి వేయి రూపాయలు తీసి వేరొకరి ఖాతాలో వేయుచుండగా నడుమ కరెంటు పోయినదనుకొనుడు. తీసినది తీసినట్లే యుండి, వేయవలసినది వేయకున్న ఆ సొమ్మేమగును? అందుచేత రెండు పనులును జరుగవలెను, లేదా రెండును జరుగనట్లే యుండవలెను. సగము పని యెన్నటికిని నిలువరాదు. దీనిని ట్రాన్సాక్షన్ అందురు.

అయిన నొక హెచ్చరిక. ఈ పద్ధతి వ్రాసినదానిని భద్రపరచును గాని, వ్రాసినది నిజమగునో కాదో ఎరుగదు. పూర్వము ఒక పుస్తకములో తప్పున్నను రెండవ పుస్తకము సాక్ష్యము పలికెడిది. ఇపుడు ఒక్కచోట తప్పు వ్రాసినచో, దానిని చూచు ప్రతి కార్యాలయమునను అదియే కనబడును. మేలెంత పెద్దదో కీడును అంత పెద్దది.

నేడు మన భూముల వివరములు కంప్యూటరులోనే యున్నవి. ఆంధ్రప్రదేశమున 2015లో మీభూమి వచ్చినది. తెలంగాణమున 2020లో ధరణి వచ్చి, 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. కావున పెద్దలకు నా మనవి: మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము ఏటేట చదివి చూచుకొనుడు. చదువరాని పొరుగువారికి చదివి వినిపింపుడు. ఇంట నెవరైన గతించినచో వారసుల పేరు వ్రాయించుటకు జాగు చేయకుడు. యంత్రము మరువదు, నిజమే. కాని మనము చెప్పనిది దానికి తెలియదు.

ఆనాడు బీడు పడిన ఆ చేను వంటిది మరియొకటి మీ యూర నుండకుండుగాక. సెలవు.