తుపాకిమందునకు మారుమందు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో అడవి యంచున సేద్యము చేయువారికి పందుల బాధ క్రొత్తది కాదు. వేరుసెనగ చేను ఒక్క రాత్రిలో దున్నినట్లగును. పైరు కాచుకొనుటకై మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు పొందుటకు 1959వ సంవత్సరపు ఆయుధచట్టము వీలు కల్పించినది. తుపాకి యున్నది, తగిన మందు దొరకలేదు. అప్పుడు బదులుగా నేమి పోయవచ్చును? ఇదియే నేటి ప్రసంగము.

పాత తుపాకిమందు పెట్లుప్పు, గంధకము, బొగ్గుల మిశ్రమము. అది కాలినపుడు సగమునకు మించి మసియు పొగయు నగును. వాయువయ్యెడి భాగము తక్కువ. కావున గొట్టముపై ఒత్తిడి మితముగా నుండును. తాతలనాటి గొట్టములు ఆ ఒత్తిడికే చేయబడినవి.

తూటాలలోని పొగలేని మందు వేఱు జాతి. 1884లో ఫ్రాన్సు దేశీయుడగు పాల్ వియే దానిని సిద్ధపఱచెను. అది దాదాపు పూర్తిగా వాయువగును. పాత కొలతతోనే దానిని పోసినచో గొట్టము చీలును. చేయి పోవును, కన్ను పోవును. టపాకాయల మందులో అల్యూమినియపు పొడి కలిసియుండవచ్చును. అది ఒక్కపెట్టున ప్రేలును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదను సామెత ఇచ్చట అక్షరాల నిజము.

ఇట్టి తుపాకులకే చేసిన మారుమందులు లేకపోలేదు. 1970 ప్రాంతపు దశాబ్దమున అమెరికాలో వెలువడిన పైరోడెక్సు అట్టిది. అది పాతమందుకంటె తేలిక; కావున కొలపాత్రతో కొలువవలెనే కాని తూచి పోయరాదు. తూకమునకు తూకము పోసినచో మోతాదు మించును. అది త్వరగా అంటుకొనదు. చెకుముకిరాతి తుపాకికి పనికిరాదు. టోపీ ప్రేలియు మందు అంటుకొననిచో, మూతిని నిర్జనమైన దిక్కునకే త్రిప్పి కొంతసేపు ఓర్చియుండవలెను. వెంటనే గొట్టములోనికి తొంగిచూచుట ప్రాణాపాయము. దాని మసియు ఇనుమును తినును. ఆనాడే నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పూయవలెను.

కావున పెద్దలు యువకులకు చెప్పవలసిన దిది: లైసెన్సుగల అంగడిలో కొన్న పాతమందు ఉత్తమము. లేనిచో, ఈ జాతి తుపాకికే యని తయారుచేసినవారు డబ్బాపై అచ్చువేసిన మారుమందు, అదియు చట్టరీత్యా లభించినచో. రెండును లేనినాడు తుపాకి మూలనుండుటయే మేలు; మంచెపై డప్పు చాలును. కుప్పపు దిక్కున ఏనుగులు తిరుగును; తుపాకి లైసెన్సు వన్యమృగములను చంపుటకు అనుమతి కాదని మఱువరాదు.

ఒక పంట పోయినచో మఱుసటేట మరల పండును. పోయిన కన్ను మరల రాదు.