మా మొదటి పాటల ఫోను
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము ఒక పాత ఫోను గురించి చెప్తాం. నవ్వకండి, చివరికి మన పాట దగ్గరికే వస్తాం.

2009లో అరకు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో మేము ముగ్గురం కొత్త పంతులమ్మలం. ట్రైనింగ్ అయ్యి ఉద్యోగంలో చేరినవాళ్ళం. ఒకటే గది, ఒకటే స్టవ్వు. తలా కొంత వేసుకుని, విశాఖపట్నం వెళ్ళి నోకియా 5130 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్ ఫోను కొన్నాం. అంచులకి ఎర్రగీత, పక్కన పాటల కోసమే వేరే మీటలు. ఈ రోజు ఆ ముగ్గురి తరఫునా మాట్లాడుతున్నాం.

మా ఊళ్ళో అప్పటికి టవర్ లేదు. మాట్లాడాలంటే గుట్ట ఎక్కాలి. అందుకే మా ఫోను మోగేది కాదు, పాడేది. సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక వరండాలో పెడితే పిల్లలు చుట్టూ మూగేవారు. కరెంటు ఉన్నప్పుడే ఛార్జింగు, లేనినాడు పాట లేదు.

పాటలు సంతలో ఎక్కించేవారు. ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, పక్కన ఉప్పుచేపల కొట్టు. మెమరీ కార్డు తీసి ఇస్తే నింపి ఇచ్చేవాడు. మాది 1 జీబీ కార్డు. సినిమా పాట ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీ, అంటే రెండు వందల పాటలు పట్టేవి. ఆ రెండు వందల్లో మన పాట ఒక్కటి లేదు. ఆ సంగతి అప్పుడు మాకు తట్టను కూడా లేదు.

హాస్టల్ వంటమ్మకి అత్త ఒకావిడ ఉండేది. సామలు దంచేటప్పుడు పాడేది, పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు పాడేది. అంతా ఆదివాసీ ఒరియాలోనే. ఇటుకల పండుగకి ధింసా ఆడితే ఆమె గొంతే ముందు లేచేది. ఒకనాడు సరదాకి ఫోన్లో రికార్డు మీట నొక్కి ఆమె పాటలు మూడు పట్టాం. తిరిగి వినిపిస్తే, "ఓలమ్మో, నా గొంతు ఇందులో ఎలా దూరిందే పంతులమ్మా!" అని రెండు చేతులతో ఫోను పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ పెట్టమంది. మూడుసార్లు పెట్టాం.

రెండు నెలల తర్వాత సంతకి వెళ్ళాం. కొత్త సినిమా పాటలు కావాలన్నాం. "కార్డు నిండిపోయిందమ్మా, పాతవి తీసేయనా?" అన్నాడు అబ్బాయి. తీసెయ్యమన్నాం. ఏం పోతున్నాయో చూసుకోలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు, మాది.

తర్వాత తెలుసుకున్న విషయం ఇంకా బాధ పెట్టింది. అప్పటి ఫోన్ల రికార్డింగు మనిషి మాట కోసం చేసింది. నిమిషానికి నూరు కేబీ కూడా ఉండదు. గంటసేపు పాడినా ఐదారు ఎంబీ, అంటే ఒక్క సినిమా పాటంత. ఆ ముసలమ్మ మూడు పాటలూ కలిపినా ఒక ఎంబీకి మించి ఉండవు. వాటిని తీసేస్తే మాకు కలిసొచ్చిన చోటు ఏమీ లేదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మేము ఇప్పుడు హాస్టల్ వార్డెన్‌గా ఉన్నాం. గత ఏడాది ఆరో తరగతిలో చేరిన ఒక పిల్ల మా గదికి వచ్చి, "మేడమ్, మా ముసలమ్మ పాట మీ ఫోన్లో ఉండేదట కదా, ఒకసారి వినిపించరా?" అంది. ఆమె మునిమనవరాలు. నిజం చెప్పేశాం. పిల్ల తల వంచుకుని కాసేపు నిలబడింది. తర్వాత, "మా అమ్మకి సగం వచ్చు మేడమ్" అంది.

ఆ సగంతోనే మొదలుపెట్టాం. సెలవులకి ఇంటికి వెళ్ళే పిల్లలకి ఒక పని చెప్తున్నాం. ఇంట్లో ఫోను ఉంటే నానమ్మదో, అమ్మమ్మదో ఒక్క పాట పట్టుకు రమ్మంటాం. మొదట పాడేవాళ్ళని అడగాలి. రికార్డు మొదట్లో ఊరు, పాట ఎప్పుడు పాడతారో చెప్పించాలి. బొడ ధింసా గ్రామదేవత కొలుపులో ఆడేది, బాగ్ ధింసా పులి నుంచి తప్పించుకునేది. సందర్భం తెలియకపోతే పాట సగమే. కొలువు పాటలు పెద్దలు వద్దంటే పట్టకూడదు. ఒకే చోట ఉంచకూడదు, కనీసం మూడు చోట్ల దాచాలి. ఇంకో మాట, తుడుము, మోరి, కిరిడి ఉన్న పాటని పాత ఫోన్లో పట్టకండి. మాట కోసం చేసిన రికార్డింగులో తుడుము లోతు, మోరి పైస్వరం రెండూ కోసుకుపోతాయి. ఇప్పటి ఫోన్లు అంతకంటే బాగా పడతాయి.

సినిమా పాటలు వినొద్దని మేము అనం. మేమూ వింటాం. మన పిల్లల ఫోన్లో వెయ్యి పాటలు ఉంటే, వాటిలో పది మన ఇంటివి ఉండాలని మాత్రం అడుగుతున్నాం.

ఆ పిల్ల ఈ రోజు ఇక్కడే ఉంది. వాళ్ళమ్మ దగ్గర సగం, పక్క ఊరి మేనత్త దగ్గర ఇంకొంచెం తెచ్చింది. నడిమధ్య రెండు చరణాలు ఇంకా దొరకలేదు. ఇక్కడున్న పెద్దమ్మల్లో ఎవరికైనా సామలు దంచే ఆ పాట వస్తే, సభ అయ్యాక దయచేసి వెళ్ళిపోకండి. పిల్ల ఫోను పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంటుంది.