ఆ గోడ మందం ఎవరు ఎంచారు?

పట్టాలు అందుకుంటున్న ఆర్కిటెక్టులకూ, ఐదేళ్లు ఇంటినిండా థర్మోకోల్ ముక్కలూ జిగురు మరకలూ భరించిన అమ్మానాన్నలకూ అభినందనలు.

బిమ్, అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. భవనాన్ని గీతలుగా కాక గోడలు, దూలాలు, కిటికీలుగానే కంప్యూటర్‌కి అప్పజెప్పాలని అమెరికాలో చార్లెస్ ఈస్ట్‌మన్ 1975లోనే రాశారు. ఒకచోట మారిస్తే ప్లానూ సెక్షనూ కలిసి మారాలి, సామాను లెక్క కూడా అందులోంచే రావాలి. బ్రిటన్ 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకు దీన్ని తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ భవనాలకు మోడళ్లు చేస్తున్న మీ సీనియర్లకు నేను చెప్పేదేముంది! ఉద్యోగానికి పనికొస్తుందని తేలిపోయింది. చదువుకు ఎలా పనికొస్తుందన్నదే నా బెంగ.

రెవిట్ అనే బిమ్ సాఫ్ట్‌వేర్‌లో గోడ గీస్తే తరచుగా 200 మిల్లీమీటర్ల గోడ వచ్చేస్తుంది. దేనితో కడతావని అది అడగదు. మన తొమ్మిదంగుళాల ఇటుక గోడ ప్లాస్టరింగ్ లేకుండానే 230. గోడకు 30 చొప్పున ఆరు గోడలు దాటేసరికి 180 మిల్లీమీటర్లు తేడా. మొదట బాత్రూం తలుపే ఇరుక్కుంటుంది. పెన్సిల్‌తో గీసేటప్పుడు మందం మనమే ఎంచాలి. ఇక్కడ ఎవరో ఎంచి పెట్టారు, మనం గమనించలేదు.

అలాగని మోడల్‌ని తప్పుపట్టను. బాత్రూం కింద పైపుల కోసం స్లాబ్ దించుతాం కదా, ప్లానులో అది మామూలు గీతే. మోడల్‌లో కింది ఇంట్లోకి దిగి తలెత్తి చూడండి, సరిగ్గా భోజనాల బల్ల మీదికి వేలాడుతూ కనబడుతుంది. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పదు.

అందుకే బిమ్‌ని నాలుగో ఏడాది ఎలక్టివ్‌గా కాక, రెండో ఏడాది కన్‌స్ట్రక్షన్ క్లాసులోనే, సైటుకెళ్లి టేపుతో గోడ కొలిచిన మర్నాడే మొదలుపెట్టండని అధ్యాపకులను కోరుతున్నాను. జ్యూరీలో అందమైన రెండర్లు పక్కన పెట్టి మోడల్ తెరిపించండి. మీరు వేలు పెట్టిన చోట సెక్షన్ కోయమనండి. కాస్త కటువుగానే ఉంటుంది, పిల్లలు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు. రేపు సైట్లో మేస్త్రీ ఎలాగూ అడుగుతాడు: "సార్, ఇక్కడ బీమ్ కింద ఎంత ఎత్తు మిగుల్తుంది?"