గడ్డిధూళి – రైతు ఊపిరితిత్తులు

పాడియు పంటయు అని జంటగా పలుకుట మనకు వాడుక. పంటపని ఆరుబయట జరుగును; పాడిపని చాలవరకు కప్పుక్రింద. గొడ్లకొట్టములో గడ్డి దులుపువాడు, దాణా కలుపువాడు, పేడ ఎత్తువాడు పీల్చు ధూళి కేవలము మట్టి కాదు. ఎండుగడ్డి నలుసులు, తవుడు, పశువుల నూగు, ఎండిన పేడ, వీని నాశ్రయించిన సూక్ష్మజీవులు, వాని బీజములు అందు కలిసియుండును.

1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని వృత్తిరోగములను గూర్చి గ్రంథము ప్రకటించుచు, ధాన్యము జల్లించువారి బాధలను అందు చేర్చెను. కాని గడ్డివలన కలుగు ప్రత్యేకవ్యాధి స్పష్టముగ వైద్యుల దృష్టికి వచ్చినది 1932లో. ఆ యేట కాంబెల్ అను వైద్యుడు, ఉత్తర ఇంగ్లండులోని వెస్ట్‌మర్లండు ప్రాంతపు రైతుల విషయమును బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను. తడి వేసవిలో కోసిన గడ్డి సరిగా ఎండలేదు. ఆ బూజుగడ్డిని విప్పినవారికి ఆయాసము పట్టుకొనెను. దీనినే తరువాత ఫార్మర్స్ లంగ్, అనగా రైతు ఊపిరితిత్తుల వ్యాధి, యనిరి.

తడిగా వామివేసిన గడ్డి తనంతట తానే వేడెక్కునన్న సంగతి మన రైతులకు తెలియనిది కాదు. తేమ నూటికి 40 వంతులున్న కట్టలో వేడి 60 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవచ్చును. ఆ వేడిలో సామాన్యపు బూజులు వెనుకబడును; వేడిని కోరు ఆక్టినోమైసీట్లు అను సూక్ష్మజీవులు విజృంభించును. 1963లో లండనులో జాక్ పెపిస్ మున్నగువారు వీనినే వ్యాధికి మూలముగ గుర్తించిరి. ఒక్కొక్క బీజము మిల్లీమీటరులో ఇంచుమించు వేయవ వంతు. ముక్కు దానిని ఆపజాలదు. అది ఊపిరితిత్తుల కొనల వరకు పోవును. బూజుగడ్డిని దులిపినప్పుడు ఒక్క ఘనమీటరు గాలిలో ఇట్టివి నూరుకోట్లను మించుట కూడ ఇంగ్లండులో లెక్కకు వచ్చినది.

ఇది అంటురోగము కాదు. బీజము లోపల మొలకెత్తి పెరుగదు. శరీరమే దానిని శత్రువుగ నెంచి తిరుగబడును. ఆ పోరులో వాచునది మన ఊపిరితిత్తియే.

దీని మాయ అంతయు కాలవ్యవధిలో నున్నది. ఉదయము గడ్డి దులిపినవానికి నాలుగు మొదలు ఎనిమిది గంటల పిమ్మట చలి, జ్వరము, పొడిదగ్గు, ఆయాసము వచ్చును. ఒకటి రెండు దినములలో తగ్గును. మరల గడ్డి, మరల జ్వరము. సాయంకాలపు జ్వరమును ఉదయపు పనితో ముడిపెట్టువారు అరుదు. ఏండ్ల తరబడి ఇట్లు సాగినచో ఊపిరితిత్తులు గట్టిపడి, మనిషి చిక్కి, మెట్లెక్కలేని స్థితికి వచ్చును. అప్పటి నష్టము తిరిగి పూడదు. చూచినవారు క్షయయని భ్రమపడుటయు కలదు. క్షయకై కళ్ళెపరీక్ష చేయించవలసినదే. అందు ఏమియు తేలనిచో అంతటితో ఊరకుండరాదు.

పాడియింట పెరిగిన పిల్లలకు ఉబ్బసము తక్కువయని జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లండు పరిశోధనలు తెలిపినవి. దానినిబట్టి ధూళి మంచిదేయని వాదించుట తగదు. పసితనమున కొట్టపు గాలి సోకుట వేరు, పెద్దవాడైన పిదప బూజుగడ్డిని దినదినము పీల్చుట వేరు.

కార్టికోస్టిరాయిడు మందులు ఉపశమన మిచ్చును గాని, ధూళి తప్పనిదే రోగము తప్పదు. మూతికి చుట్టిన తువాలు తవుడును కొంత ఆపునేమో, ఈ బీజమును ఆపదు. ముఖమునకు బిగువుగ నమరు ఎన్-95 తరగతి ముసుగు కావలెను. బాగుగ ఎండిన గడ్డినే వామివేయుట, అనుమానమున్న కట్టను నీళ్లు చిలికి ఆరుబయట విప్పుట అంతకన్న మేలు. బూజుపట్టినదానిని పారవేయుటకు యజమానికి మనసొప్పదు. గడ్డి ధర అట్టిది. కాని ఆ కట్టను విప్పునది సాధారణముగ యజమాని కాదు, పాలేరు. మిగిలిన డబ్బు ఒకరిది, పోయిన ఊపిరి మరొకరిది.

జ్వరము వచ్చినవాడు వైద్యునితో, ఆ ఉదయము తాను విప్పిన గడ్డి ఎట్టిదో అడుగకయే చెప్పవలెను. కొన్నాళ్లు కొట్టమునకు పోకున్న జ్వరము రాకుండుట, పోయిన దినముననే మరల వచ్చుట – ఈ రెండు మాటలు రక్తపరీక్షకన్న ముందే వైద్యునికి దారి చూపును.