దస్త్రం విప్పే ముందు
(కలికిరిలో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరులో మూటగట్టిన ఫైళ్లను కమాండ్ ద్వారా విప్పడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ముప్పై రెండేళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాణ్ణి. ఈ విషయం మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. నేనొక పెద్ద పొరపాటు చేశాను. ముందు దానిని మనవి చేసుకుంటాను.

మన సభ్యుల జాబితా, పీపీఓల నకళ్లు నా దగ్గరున్న ల్యాప్‌టాప్‌లో ఉంటాయని మీకు తెలుసు. ఇక్కడి ఇంజనీరింగు కాలేజీలో చదివే నా మనవడు వాటినన్నిటినీ ఒకే కట్టగా కట్టి పెన్‌డ్రైవులో దాచుకొనే పద్ధతి నేర్పాడు. ఒకరోజు ఒక సభ్యుని పీపీఓ నకలు కావలసి వచ్చి, మూడు నెలల నాటి పాత కట్టను తీసి, జాబితా ఉన్న చోటనే విప్పేశాను. నకలు దొరికింది. సంతోషించాను.

వారం తర్వాత లైఫ్ సర్టిఫికెట్ల పని మీద అందరికీ ఫోన్లు చేస్తూ ఒక ఇంటికి చేసి, "సార్ ఉన్నారామ్మా?" అని అడిగాను. అవతల ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, ఆయన పోయి రెండు నెలలాయె గదా. ఫ్యామిలీ పెన్షను కాగితాలు మీరే గదా రాసిచ్చింది?" అన్నది. నాకు నోట మాట రాలేదు.

జాబితా తెరిచి చూస్తే ఆయన బ్రతికే ఉన్నాడు. మూడు నెలలుగా నేను చేసిన దిద్దుబాట్లు ఒక్కటీ లేవు. పాత కట్టలోని జాబితా వచ్చి కొత్త జాబితా మీద కూర్చున్నది. రెండింటి పేరూ ఒకటే కావడం వల్ల కొత్తది పోయింది. మనవణ్ణి అడిగితే, "తాతా, అది మనల్ని అడగదు. మనమే ముందు చూసుకోవాల" అన్నాడు. ఆ దిద్దుబాట్లు మళ్లీ రాయడానికి ఇల్లిల్లూ తిరిగాను. ఆమె ఇంటికీ వెళ్లాను. ఆమె ఏమీ అనలేదు. కాఫీ ఇచ్చి, బ్యాంకు పుస్తకం మళ్లీ తెచ్చి చూపించింది.

మిత్రులారా, మనకు రికార్డు రూము కొత్త కాదు. కాగితాలు ఒక వరసలో పేర్చి, గుడ్డలో కట్టి, పైన చీటీ పెట్టేవాళ్లం. కంప్యూటరులో ఈ పని చేసేదానికి టార్ అని పేరు. టేపు మీద దాచే కట్ట అని అర్థం. 1979లో యూనిక్స్ ఏడవ ఎడిషనుతో వచ్చింది. ఇది కట్టడమే గాని, నొక్కి చిన్నది చేయడం కాదు. ఆ పని 1992లో వచ్చిన జీజిప్ చేస్తుంది. కట్టడం, నొక్కడం రెండూ చేసేది జిప్. దానిని 1989లో అమెరికాలో ఫిల్ కాట్జ్ తెచ్చాడు.

నొక్కితే అక్షరాలు పోవా అని కొందరు అడుగుతారు. పోవు. రిజిస్టరులో పై వరసలోని మాటే మళ్లీ వస్తే మనం డిట్టో అని పెట్టేవాళ్లం గదా! అదే సూత్రం. ఇన్ని అక్షరాలు వెనక్కు వెళ్లి, ఇన్ని అక్షరాలు ఎత్తి రాయి అని గుర్తు పెడతారు. లెంపెల్, జివ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1977లో ప్రకటించిన పద్ధతి ఇది. తెలుగుకు దీనివల్ల మంచి లాభం. నేడు వాడుకలో ఉన్న యూనికోడ్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలితే, తెలుగు అక్షరానికి మూడు బైట్లు కావాలి. కాని ఆ మూడింటిలో మొదటిది అన్ని తెలుగు అక్షరాలకూ ఒకటే. రెండవది రెండే రకాలు. అంతా డిట్టోయే గనుక బాగా నొక్కుకుపోతుంది. ఫోటోలు ముందే నొక్కి ఉంటాయి గనుక పెద్దగా తగ్గవు.

ఇక విప్పే పద్ధతి. విండోస్ 10లో 2018 నుండి టార్ కమాండ్ వచ్చి చేరింది. అక్కడ అది జిప్ కట్టలను కూడా విప్పుతుంది. కట్ట ఉన్న ఫోల్డరు తెరిచి, పైన చిరునామా గడిలో సి ఎం డి అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్లని తెర వస్తుంది. భయపడవద్దు. అన్నీ చిన్న అక్షరాలలో కొట్టండి. మాటకూ మాటకూ మధ్య ఒక ఖాళీ వదలండి. కట్ట పేరు మధ్యలో ఖాళీలుంటే ఆ పేరుకు రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టండి.

మొదటిది, చూడటం. టార్ అని కొట్టి, ఖాళీ వదలి, అడ్డగీత పెట్టి, దానిని అంటించి టి, ఎఫ్ కొట్టి, ఖాళీ వదలి కట్ట పేరు కొట్టండి. లోపల ఉన్నవాటి పేర్లన్నీ వరసగా వస్తాయి. ఏదీ బయటికి రాదు. కట్టపైని చీటీ చదివినట్లన్నమాట.

రెండవది, వేరే అర. ఎం కె డి ఐ ఆర్ అని కొట్టి, ఖాళీ వదలి, కొత్త ఫోల్డరుకు ఒక పేరు ఇవ్వండి.

మూడవది, విప్పడం. మళ్లీ టార్, అడ్డగీతతో ఎక్స్, ఎఫ్, తర్వాత కట్ట పేరు, తర్వాత అడ్డగీతతో సి, చివర కొత్త ఫోల్డరు పేరు. ఈ సి ఒక్కటి మాత్రం పెద్ద అక్షరం. ఉన్న ఫైలును చెరపవద్దని చెప్పాలంటే ఎక్స్‌కూ ఎఫ్‌కూ మధ్య కె చేర్చాలి. కట్టలో ఒక్క కాగితమే కావాలంటే, జాబితాలో కనిపించిన దాని పేరును చివర చేర్చితే అదొక్కటే వస్తుంది. ఆ రోజు నాకు కావలసింది ఒక్క కాగితమే! ఈ ముక్క తెలియక కట్టంతా విప్పాను.

లినక్స్‌లో జిప్ కట్టలకు అన్‌జిప్ అనే వేరే కమాండ్ ఉంది. అక్కడ అడ్డగీతతో ఎల్ కొడితే జాబితా వస్తుంది. టి కొడితే కట్ట చెడిందో లేదో పరీక్షిస్తుంది. ప్రతి ఫైలుకూ ఒక లెక్క లోపల రాసి ఉంటుంది. లెడ్జరు అడుగున టోటల్ టాలీ చేసినట్లు దానిని సరిచూస్తుంది. అన్‌జిప్ మర్యాదస్తురాలు. అదే పేరుతో ఫైలు ఉంటే, దాని మీద రాయమంటారా అని అడుగుతుంది. టార్ అడగదు.

ఇంకొక్క మాట. ఎరియర్లు వచ్చాయని, పెన్షను ఆగిపోతుందని ముక్కూ మొహం తెలియనివారు కట్టలు పంపుతారు. విప్పకండి. తెలిసినవారు పంపినదానిలోనైనా, పేరు చివర ఇ ఎక్స్ ఇ అనిగాని, ఫోనులో ఎ పి కె అనిగాని ఉంటే అది కాగితం కాదు, ప్రోగ్రాము. పంపినవారికి ఫోను చేసి కనుక్కొనేదాకా దానిని ముట్టుకోవద్దు.

ఈ వయసులో మనకెందుకు ఇవన్నీ, పిల్లలు చూసుకుంటారు గదా అనవచ్చు. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటారు. మన తర్వాత ఫ్యామిలీ పెన్షనుకు కావలసిన కాగితాలు మాత్రం మన ఇంట్లోనే ఉంటాయి. అవి ఏ కట్టలో ఉన్నాయో, ఎలా విప్పాలో ఒక తెల్లకాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మీ ఇంట్లో వారికి ఒకసారి చేసి చూపించండి. నేను మా ఇంట్లో చూపించాను. రెండవసారి ఆమే చేసింది, నాకంటే జాగ్రత్తగా.

ముందు చూడండి. వేరే చోట విప్పండి. అసలు కట్టను అలాగే ఉంచండి.